చీర చాటున ఇద్దత్

బడి కాలవకు అవతలి గట్టున ఉండేది. నేను బడికి వెళ్ళకపోవడానికి అంతకు మించి కారణం లేదు.

కాలవ మీద మంచి వంతెనే ఉంది. విజయవాడలో మా వీధి పిల్లలంతా ఆ వంతెన మీదుగానే బడికి పోయి వచ్చేవాళ్ళు. ఒక్కరికీ ఏమీ కాలేదు. అయినా అమ్మ నన్ను పంపలేదు.

"నేను చెయ్యి పట్టుకుని దాటిస్తాను కదా," అని నాన్న బతిమాలాడు.

"నీళ్ళు రావాలనుకుంటే మీ చెయ్యి చూసి ఆగుతాయా?" అంది అమ్మ.

చివరికి నాన్నే ఊరుకున్నాడు. ఆయన పరుపులు కుట్టేవాడు. ఇంటి ముందు గది మా కొట్టు. అందులో ఒక మూల మామూలు దూది, ఇంకో మూల బస్తాల్లో కుక్కిన బూరుగుదూది ఉండేవి. నా చదువంతా ఆ బస్తాల మధ్యనే సాగింది. అమ్మ గలేబులు కుడుతూ, సూది ఆపకుండానే నాకు ఖురాన్ అక్షరాలూ, తెలుగు అక్షరాలూ రెండూ నేర్పింది. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజుకు అరబ్బీ, మిగతా బతుకంతటికీ తెలుగు.

అమ్మ పాఠం చెప్పే తీరు వేరు. తను చెప్పేది కాదు, అడిగేది. అడిగి, దారం కొరికి, మళ్ళీ సూదిలోకి ఎక్కించి, నేను చెప్పేదాకా అలా ఊరుకునేది. "నీ నోటి నుంచి వచ్చిందే నీకు గుర్తుంటది," అనేది. ఆ గది నుంచి నాకు దక్కిన చదువు ఎంత చిన్నదైనా, అల్లాహ్‌కు నేను రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. ఆ అడిగే పద్ధతి అమ్మ నాకు నేర్పి ఉండకపోతే ఇవాళ నాకు అమ్మ ఉండేది కాదు.

అమ్మకు నీళ్ళంటే ఉన్న భయం దివిసీమలో పుట్టింది. తాతయ్య ఊరు సముద్రానికి దగ్గర. పంటలు ఇంటికి వచ్చాక దూది ఏకే విల్లు భుజాన వేసుకుని డెల్టా ఊళ్ళన్నీ తిరిగేవాడట. ఉప్పెన వచ్చినప్పుడు ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, చిన్నపిల్లగా మా అమ్మ ఉన్నారు. నీళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మమ్మ తన చీర సగం విప్పి, కూతుర్ని బూరుగుదూది బస్తాకు కట్టేసింది. తను ఆ బస్తా పట్టుకుంది. బూరుగుదూది నీళ్ళలో అంత తొందరగా మునగదు. తాతయ్య పట్టుకోవడానికి ఇంకో బస్తా ఉందట, కానీ ఆయన దాని దాకా చేరలేదు. ఆ తర్వాత ఆయన ఎక్కడా దొరకలేదు.

ఇదంతా అమ్మ నాకు కథలా చెప్పలేదు. పాఠంలా అడిగేది. "అమ్మమ్మ నన్ను దేనికి కట్టింది?" అనేది. నేను "బస్తాకమ్మా" అనాలి. "దేంతో కట్టింది?" "చీరతో." అక్కడి నుంచి తర్వాతి ప్రశ్న.

బతికినవాళ్ళను లారీల్లో ఎక్కించుకుని విజయవాడ వైపు తీసుకొస్తుంటే అమ్మమ్మ కంకిపాడులో దిగిపోయింది. తాతయ్య ఏటా దూది ఏకే రైతుల ఇల్లు ఒకటి అక్కడ ఉంది. అంతకు మించి ఆమెకు ఈ లోకంలో తెలిసిన గుమ్మం లేదు. మాలో భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా, పరాయి మగవాళ్ళ కంట పడకుండా, అలంకారం మాని, అల్లాహ్‌ను దువాలో వేడుకుంటూ కూర్చోవాలి. దాన్ని ఇద్దత్ అంటాం. ఆ ఇంటి ఇల్లాలి ముందు అమ్మమ్మ భర్త పోయాడని ఏడవలేదట. ఇద్దత్ కూర్చోవడానికి ఇల్లు లేదని ఏడ్చిందట.

ఆ ఇల్లాలు ఆమెను గొడ్లసావిడి పక్కనున్న వసారాలోకి తీసుకెళ్ళి, "ఇది ఇల్లు కాదంటే మా గేదెలకి కోపం వస్తది," అందట. తన పసుపుపచ్చ చీర తెచ్చి దూలానికి అడ్డంగా కట్టింది. "నీ గడువు అయ్యేదాకా ఈ చీర దాటి మగపురుగు రాదు. మా ఆయనైనా సరే." కంకిపాడు మసీదులో నమాజు చేయించే హజరత్ గారు కూడా, ప్రాణానికి భద్రత ఉన్న చోటే ఆమెకు ఇల్లని చెప్పించారు. చీర అవతల కూర్చోబెట్టుకుని ఆ ఇల్లాలే మా అమ్మకు తెలుగు అక్షరాలు దిద్దించింది. నేను చదివిన చదువు ఆవిడ పెట్టిన భిక్షే. ఆవిడ పేరు మీద నేను ఇప్పటికీ దువా చేస్తాను.

అలాంటి అమ్మకు పుట్టి, పెళ్ళి చేసుకుని సముద్రం దాటి వచ్చాను. మా ఆయన మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తారు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లలకు ఖురాన్ చెబుతాను. గన్నవరంలో విమానం ఎక్కే రోజు అమ్మ నా చెవిలో చెప్పింది ఒకటే మాట. "కిటికీ పక్కన కూచోకే. కింద సముద్రం కనపడద్ది." నేను కూర్చోలేదు. అమ్మ భయం నాకు జడలో పెట్టిన పువ్వులా తోడు వచ్చేసింది.

నాన్న గుండె ఆగి పోయినప్పుడు వెళ్ళి, అమ్మను ఇద్దత్‌లో కూర్చోబెట్టి, పిల్లల బడి కోసం తిరిగి వచ్చాను. నాకు తోబుట్టువులు లేరు. బజారు పనులన్నీ పైవాటాలో ఉండే, నేను అక్కా అని పిలిచే ఆవిడ చూసుకునేది. ఆమె మా మతం కాదు. కూరలు తెచ్చి గుమ్మంలో పెట్టి, "పిన్నిగారూ, వంకాయలండీ, లోపల పురుగుంటే నన్ను తిట్టకండి," అని కేకేసి వెళ్ళేదట.

వానలు ఆగకుండా పడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. నేను పిల్లల్ని బడికి పంపి మిషను ముందు కూర్చున్నాను. మా ఆయన పనికి వెళ్ళారు.

"చెల్లీ, నువ్వు కంగారు పడకు," అంది.

ఆ మాట వినగానే మిషను ఆపేశాను.

"బుడమేరు వాగు పొంగిందంట. వీధిలోకి నీళ్ళొచ్చినాయి. కిందవాటాల వాళ్ళందరూ పైకి వచ్చేశారు. పిన్నిగారు రానంటన్నారు. మా ఆయనా ఇంకో ఇద్దరూ ఎత్తుకొద్దామని దిగితే లోపల గడియ పెట్టేసుకున్నారు. నువ్వు చెప్పమ్మా, నీ మాట వింటారు."

అమ్మ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తింది.

"అమ్మా, నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయి?"

"మంచంకోళ్ళ దాకా. నేను మంచం మీదున్నాలే. దువా చేసుకుంటన్నా."

ఆమె గొంతు మామూలుగా ఉంది. అదే నన్ను మరీ భయపెట్టింది. ఆ గొంతు వెనక నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. గిన్నెలు ఒకదానికొకటి తగిలి, పెళ్ళివారింట్లో లాగా మోగుతున్నాయి.

"పైకి పోమ్మా. అక్క పిలుస్తోంది కదా."

"పైన వీధి మగాళ్ళంతా ఉన్నారే. మెట్ల మీదా, డాబా మీదా. ఇద్దత్‌లో ఉన్నదాన్ని వాళ్ళ మధ్యకు పోయి కూచుంటానా?"

"ప్రాణం మీదికి వస్తే బయటికి రావచ్చమ్మా. నువ్వే కదా నాకు చెప్పావు."

"వచ్చినప్పుడు చూద్దాం. ఇంకా రాలేదుగా. మీ నాన్న ఇన్నేళ్ళ కాపురంలో తనకోసం నన్ను ఏదీ అడగలేదే. ఇదొక్కటి ఆయన కోసం చేస్తన్నా. దీన్నీ సగంలో వదలమంటావా?"

బతిమాలాను, ఏడ్చాను, పిల్లల మీద ఒట్టు పెట్టాను. మాలో అలా ఒట్టు పెట్టడం తప్పని తెలిసినా పెట్టాను. అమ్మ అన్నిటికీ "ఊఁ" అంటోంది. ఇంతలో ఏదో పెద్దది బోర్లా పడ్డ చప్పుడైంది.

"ఏంటమ్మా అది?"

"బియ్యం డబ్బా." ఆ తర్వాత వచ్చిన గొంతు వేరు. అది మా అమ్మ గొంతు కాదు, ఎవరో చిన్నపిల్లది. "గుమ్మం దగ్గర నీళ్ళు తిరుగుతున్నాయే. సుడి తిరుగుతున్నాయి."

అప్పటికి నాకు తెలిసింది. ఇద్దత్ మీద ఆమెకున్న భక్తి నిజమే. కానీ ఆమెను మంచానికి కట్టేసింది అదొక్కటే కాదు. గడియ తీసి, గుమ్మం దిగి, మేడమెట్ల దాకా నీళ్ళలో నడవాలి. కాలవ వంతెన మీదికి కూతుర్ని పంపలేని మనిషి ఆ నీళ్ళలో కాలు పెట్టలేకపోతోంది. కాలు పెట్టమని ఇంత దూరం నుంచి నేను ఎలా చెప్పను? ఎదురుగా మా కిటికీలోంచి మస్కట్ ఎండ తెల్లగా మండుతోంది. ఇక్కడ ఒక్క చుక్క లేదు, అక్కడ మా అమ్మ మునిగిపోతోంది.

ఆ క్షణంలో నోటికి వచ్చినది నా తెలివి కాదు. అల్లాహ్ నా నోట పలికించాడనే అనుకుంటాను. అమ్మ నన్ను అడిగినట్టే అడిగాను.

"అమ్మా, అమ్మమ్మ ఇద్దత్ ఎక్కడ కూర్చుంది?"

గిన్నెలు మోగుతున్నాయి.

"చెప్పమ్మా. నీ నోటి నుంచే రావాలి."

"కంకిపాడులో," అంది చివరికి.

"ఎవరింట్లో?"

"వాళ్ళింట్లో. గొడ్లసావిడి పక్కన."

"ఆ ఇంట్లో మగాళ్ళు లేరా?"

"ఉన్నారు."

"మరి?"

"చీర కట్టిందిగా ఆవిడ. పసుపుపచ్చది."

అమ్మ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టుకున్నట్టుంది. మెట్ల మలుపులో నిలబడి కిటికీలోంచి వింటున్న అక్క గొంతు పైనుంచి గట్టిగా వినపడింది.

"పిన్నిగారూ! చీరేగా అండీ కావాల్సింది? నా వంటింటి గుమ్మానికి నేను కడతా. నాకున్నవి చీరలే, నగలు లేకపోయినా! మీరు రండి ముందు!" ఆ వెంటనే ఇంకోవైపు తిరిగి అరిచింది. "ఏవండీ, మగాళ్ళంతా డాబా మీదికి నడవండి. గోడవైపు తిరిగి నిలబడండి. ఎవరన్నా ఇటు చూశారా, ఇవాళ అన్నం లేదు!"

భయంలో కూడా నాకు నవ్వొచ్చింది. అమ్మకు రాలేదు.

"చీర ఉందిలే," అంది మెల్లగా. "బస్తా ఏదే? అప్పుడు బస్తా ఉంది నాకు."

నేను కళ్ళు మూసుకుని మా కొట్టుగదిని మొత్తం తలుచుకున్నాను. నాన్న పోయాక ఆ గదిని ఎవరూ సర్దలేదు. కుట్టుబల్ల, తూకం, గోడకు వేలాడే విల్లు. బల్ల మీద ఒక బస్తా. ఉయ్యూరు నుంచి ఎవరో పెళ్ళి దిండ్లకు చెప్పారని నాన్న తెప్పించి, కుట్టకుండానే పోయాడు.

"బల్ల మీద చూడమ్మా. నాన్న తెప్పించిన బూరుగుదూది. తడిసిందా?"

మంచం కిర్రుమంది. ఆ తర్వాత నీళ్ళలో కాలు పడ్డ చప్పుడు. ఆ చప్పుడు నేను బతికినంత కాలం మరిచిపోను. ఆమె "యా అల్లాహ్" అంది. నేను కూడా అన్నాను.

"తడవలేదే," అంది అమ్మ. "పొడిగానే ఉంది. బస్తా మూతి మీ నాన్న ఎంత గట్టిగా..."

అక్కడ ఫోన్ ఆగిపోయింది.

మళ్ళీ చేశాను. స్విచ్ ఆఫ్. అక్కకు చేశాను. మొదట మోగింది, తర్వాత మోగలేదు, తర్వాత ఆ నెంబరు అందుబాటులో లేదని ఒక ఆడమనిషి గొంతు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఓపికగా చెప్పసాగింది. మా ఆయన పని వదిలేసి పరుగెత్తుకొచ్చారు. ఊళ్ళో తెలిసిన వాళ్ళందరికీ చేశారు. ఎవరికి చేసినా, మా వీధి వైపు పడవ తప్ప ఇంకేమీ పోవడం లేదన్నారు. కరెంటు లేదు, అందుకని ఫోన్లు పోయి ఉంటాయి అన్నారు. ఆ "ఉంటాయి" అన్న మాట పట్టుకుని నేను వేలాడాను.

ఫోన్లో వస్తున్న వీడియోలన్నీ చూశాను. గోధుమరంగు నీళ్ళు, నీళ్ళలో కారు కప్పులు, డాబాల మీద చేతులు ఊపుతున్న జనం. ప్రతి డాబా మా డాబాలాగే ఉంది. ఒక వీడియోలో నీళ్ళ మీద ఒక పరుపు కొట్టుకుపోతోంది. నాన్న కుట్టినదేమోనని ఆపి ఆపి చూశాను. మామూలు దూది పరుపులు నీళ్ళు తాగితే మనిషిని మించిన బరువవుతాయి. తలుపుకు అడ్డం పడితే ఇక తలుపు రాదు. కొట్టుగదిలో అలాంటివి ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. అమ్మ గడియ దాకా వెళ్ళి ఉంటుందా? గడియ తీసి ఉంటుందా? నేను ఆమెను మంచం దింపాను. మంచం మీదే ఉండనిచ్చి ఉంటే పడవ వచ్చేదేమో. దిగమన్నది నేను. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నమాజు చాప పరిచి, నుదురు నేలకానించి సజ్దాలో పడ్డాను. ఏం అడగాలో కూడా తెలియలేదు. "ఆమెకు నీళ్ళంటే భయం, ఆమెకు నీళ్ళంటే భయం," అని మాత్రం చెప్పుకుంటూ పోయాను. ఆయనకు తెలియనట్టు.

పిల్లలు బడి నుంచి వచ్చి నా ముఖం చూసి గొడవ చేయకుండా తిన్నారు. ఎవరో జాకెట్ కోసం వస్తే ఇంకా చేతులు కుట్టని జాకెట్ మడిచి ఇచ్చాను. ఆమె అలాగే తీసుకుని వెళ్ళింది. మంచి మనిషి.

మర్నాడు మధ్యాహ్నం తెలియని నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. నేను ఎత్తలేకపోయాను. మా ఆయన ఎత్తి, విని, నా చెవి దగ్గర పెట్టారు.

"చెల్లీ, పాలపాకెట్ల పడవ వచ్చిందిలే. వాళ్ళ ఫోన్ అడిగా. తొందరగా చెప్పేస్తా." అక్క రొప్పుతోంది. "పిన్నిగారు పైనే ఉన్నారు. బస్తా వాటేసుకుని వచ్చారమ్మా. మనిషి కనపడలా. బస్తానే మెట్లెక్కి వచ్చినట్టుంది. మా పెళ్ళినాటి చీర కట్టా వంటింటికి. మా ఆయన మంచినీళ్ళు కావాలన్నా బయట నిలబడి అడుక్కుంటన్నాడు. ఇదిగో, మాట్లాడతారంట."

"అమ్మా," అన్నాను.

"ఏమే, తిన్నావా?" అంది అమ్మ.

అంతే. నేను ఏడుస్తుంటే, "పడవాళ్ళు ఫోన్ అడుగుతున్నారే, వాళ్ళది కదా పాపం," అని తనే పెట్టేసింది.

నీళ్ళు తీశాక కిందవాటా అంతా మోకాటి లోతు బురద. నాన్న పరుపుల్లో ఒక్కటీ మిగల్లేదు. ఉండటానికి వీల్లేని ఇల్లది. మసీదు హజరత్ గారిని ఫోన్లో అడిగాను. కంకిపాడులో అమ్మమ్మకు వచ్చిన మాటే మళ్ళీ వచ్చింది. భద్రత ఉన్న చోటే ఆమెకు ఇల్లు. మిగిలిన ఇద్దత్ అంతా అమ్మ ఆ పైవాటా వంటగదిలో, చీర చాటున, బస్తాకు చేరబడి కూర్చుంది. అక్క అన్ని రోజులూ ఆమె కాళ్ళు తగలకుండా పక్కకు తప్పుకుంటూ వంట చేసుకుంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదని అమ్మ, పిన్నిగారే మా కూరల్లో ఉప్పు సరిచేశారని అక్క, ఇద్దరూ నాకు వేరువేరుగా చెప్పారు. ఈ రుణం తీర్చగలిగింది కాదు. తీర్చాలని అనుకోను కూడా. తలుచుకుంటూ ఉంటాను.

గడువు పూర్తయ్యే రోజుకు నేను వెళ్ళాను. అమ్మ స్నానం చేసి, నమాజు చేసుకుని, చీరను తనే విప్పి మడిచి అక్క చేతికిచ్చింది. ఆ తర్వాత కిందికి వెళదామని లేచింది. నీళ్ళ రోజు ఎక్కిన మెట్లను ఆమె అప్పటిదాకా మళ్ళీ దిగలేదు.

వాకిలి ఎండిపోయి ఉంది. ఎండ కాస్తోంది. గోడ మీద మాత్రం నీళ్ళు నిలిచిన గీత, నా భుజం ఎత్తున, అలాగే ఉంది. అమ్మ ఒక్కో మెట్టూ దిగి, చివరి మెట్టు మీద ఆగిపోయింది. నా ముంజేతిని పట్టుకున్న ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"నీళ్ళు లేవుగా?" అంది.

"లేవమ్మా."

ఆమె గీత వైపు చూసింది, పొడిగా ఉన్న సిమెంటు వైపు చూసింది. రెండిట్లో దేన్ని నమ్మాలో తేల్చుకోలేనట్టు నిలబడింది.

"ముందు నువ్వు కాలు పెట్టు," అంది. "ఎంత లోతుందో చెప్పు."

నేను దిగి నిలబడ్డాను. ఆమె నా పాదాల వైపే చూస్తోంది. మడమ, వేళ్ళు, చెప్పు అన్నీ కనపడుతున్నాయని చూసుకున్నాక, బిస్మిల్లాహ్ అని, నా చెయ్యి వదలకుండా దిగింది.